శుక్లాన్ని కరిగించే చుక్కలమందు ఉన్నదా?

యూసుఫ్‌గూడలోని నా వైద్యశాలకు వచ్చే పెద్దవయసువారు అడిగే ప్రశ్నలలో తరచుగా వినిపించేది ఒకటున్నది. "అయ్యా, కంటిలో శుక్లం వచ్చిందని ఆసుపత్రిలో చెప్పారు. కోత లేకుండా దానిని కరిగించే మందు ఆయుర్వేదంలో ఉన్నదట గదా, ఇప్పించండి" అని. లేదని నేను చెప్పగానే కొందరు చిన్నబుచ్చుకుంటారు. మరికొందరు ఈయనకు తెలియదు కాబోలునని మరొక వైద్యుని వెదుక్కుంటూ పోతారు. "మన శాస్త్రాన్ని మీరే తక్కువచేసి మాట్లాడితే ఎట్లా?" అని నిష్ఠూరమాడిన సాటి వైద్యులు కూడా ఉన్నారు.

శాస్త్రాన్ని తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. నేను వైద్యకళాశాల మెట్లెక్కినవాడను కాను. గురువుగారి ఇంట ఉండి, తెల్లవారుజామున సూత్రస్థానం వల్లెవేస్తూ, పగలు మూలికలు నూరుతూ వైద్యం నేర్చినవాడను. ఆ చదువుమీద నాకున్న గౌరవం చేతనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను. శుక్లం చుక్కలమందుకు ఎందుకు లొంగదో సుశ్రుతాచార్యుల గ్రంథం సగం చెప్పింది. మిగిలిన సగాన్ని గత ఏబది ఏండ్లలో ప్రొటీన్ల నిర్మాణాన్ని పరిశోధించినవారు చెప్పారు. ఈ రెండింటినీ కలిపి చదివిన వైద్యుడు రోగికి అబద్ధపు ఆశ పెట్టలేడు. ఆ పరిశోధనలో కొంతభాగం మన హైదరాబాదులోనే జరిగింది గనుక మన పాఠకులు దానిని తెలుసుకోవడం మరింత అవసరం.

కంటిపాప వెనుక, మసూరపప్పు బద్ద ఆకారంలో ఒక కటకం ఉంటుంది. అందులో మూడింట రెండు వంతులు నీరు. మిగిలిన వంతంతా దాదాపు ప్రొటీన్లే, అంటే మాంసకృత్తులే. శరీరంలో మరే అవయవంలోనూ ఇంత చిక్కగా ప్రొటీన్లు ఉండవు. వీటిలో అధికభాగం క్రిస్టలిన్లు అనే జాతికి చెందినవి. వాటిని ఆల్ఫా, బీటా, గామా అని మూడు తెగలుగా విభజించారు.

ఇంత చిక్కని ద్రావణం గుండా వెలుతురు అడ్డులేకుండా ఎట్లా పోతున్నదన్నది సహజంగా కలిగే సందేహం. పాలు కూడా ప్రొటీన్లు కలిసిన నీరే గదా, అవి తెల్లగా ఉంటాయి, వాటిగుండా అవతలి వస్తువు కనిపించదు. పాలలోని రేణువులు పెద్దవి, వెలుతురును చెదరగొట్టేవి. కంటి కటకంలోని క్రిస్టలిన్లు చిన్నవి. అంతకంటె ముఖ్యం, అవి ఒకదాని ప్రక్కన ఒకటి సమానమైన ఎడంతో సర్దుకొని ఉంటాయి. ఆ పొందిక చెడనంతకాలం కటకం స్ఫటికంవలె స్వచ్ఛంగా ఉంటుంది. కొన్ని అణువులు గుమిగూడి ముద్దకట్టినప్పుడు వెలుతురు అక్కడ చెదరుతుంది. ఆ మసకనే మనం శుక్లం అంటున్నాము.

ఇక్కడ ఒక విశేషమున్నది. మన చర్మం, రక్తం, పేగుల లోపలి పొర నిత్యం క్రొత్తవవుతుంటాయి. కటకపు నడిభాగం అట్లా కాదు. అక్కడి కణాలు వెలుతురుకు అడ్డులేకుండా తమ కేంద్రకాన్ని సైతం త్యజించినవి, గనుక క్రొత్త ప్రొటీనును తయారుచేసే శక్తి వాటికి లేదు. తల్లి గర్భంలో ఉన్నప్పుడు ఏర్పడినవే ఎనుబదేండ్లకూ అక్కడ ఉంటాయి. దీనిని డెన్మార్క్ శాస్త్రజ్ఞులు 2008లో విచిత్రమైన పద్ధతిలో నిరూపించారు. 1950, 60 దశకాలలో జరిగిన అణుబాంబు పరీక్షల వలన గాలిలో ఒకరకమైన కర్బనం పెరిగి, ఆ తరువాత క్రమంగా తగ్గింది. ఏ సంవత్సరపు గాలిలో అది ఎంత ఉన్నదో లెక్కలున్నాయి. మరణించినవారి కటకాలలోని క్రిస్టలిన్లలో ఆ కర్బనాన్ని కొలిచి, వారు పుట్టిన సంవత్సరాన్ని దాదాపు సరిగా చెప్పగలిగారు. మీ తాతగారి కంటిలో ఆయన పుట్టిననాటి పదార్థం ఇప్పటికీ ఉన్నదన్నమాట! ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చుండిపోయాను.

ఇంత దీర్ఘాయువు గల అణువు ఎట్లా ఉంటుంది? 1981లో లండనులో టామ్ బ్లండెల్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు దూడ కంటిలోని ఒక గామా క్రిస్టలిన్‌ను స్ఫటికంగా మార్చి, దానిమీద ఎక్స్-కిరణాలు ప్రసరింపజేసి ఆకారాన్ని బయటపెట్టారు. ప్రొటీన్ అనేది అమినో ఆమ్లాలనే పూసలు గ్రుచ్చిన దండ. ఆ దండ కుప్పగా పడి ఉండదు, నిర్ణీతమైన మడతలు పడి ఉంటుంది. గామా క్రిస్టలిన్‌లో ఒకే తీరు మడత నాలుగుసార్లు వస్తుంది. గ్రీకువారి కుండలమీది మెలికల గీతను పోలి ఉన్నదని పాశ్చాత్యులు దానికి ఆ పేరే పెట్టారు. మన ఇంటి ముంగిట చేయెత్తకుండా వేసే మెలికల ముగ్గును తలచుకున్నా సరిపోతుంది. రెండేసి మడతలు ఒక ముద్దగా, రెండు ముద్దలు ఒకదానినొకటి ఆనుకొని, లోపలికి నీరు చొరకుండా బిగుతుగా ఉంటాయి. వెలుతురు, వేడి, ప్రాణవాయువు తాకిడి తట్టుకొని దశాబ్దాలు నిలవడానికి ఈ బిగువే ఆధారం. ప్రసంగవశాత్తు ఒక మాట. ప్రపంచంలో ఏ ప్రొటీన్ ఆకారం కనుగొన్నా, ఆ మడతలు సాధ్యమైనవేనా అని సరిచూసుకోవడానికి వాడే పటం మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్ గారు, వారి సహచరులు 1963లో ప్రకటించినది.

ఎంత గట్టి అణువైనా కాలానికి లోబడవలసిందే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, పొగాకు, మధుమేహంలో పెరిగిన చక్కెర అణువుల మీద చేరి వాటిని కొంచెం కొంచెంగా మారుస్తాయి. మడత సడలుతుంది. లోపల దాగవలసిన జిడ్డుభాగం బయటపడుతుంది. అటువంటి రెండు అణువులు ఎదురుపడితే అతుక్కుంటాయి. అట్లా అతుక్కోకుండా కాపాడేది ఆల్ఫా క్రిస్టలిన్ అని 1992లో అమెరికాలో జోసెఫ్ హార్విట్జ్ కనుగొన్నారు. సడలిన అణువును అది పట్టుకొని, ముద్దకట్టకుండా కనిపెట్టుకొని ఉంటుంది. తిరునాళ్ళలో పిల్లలు తప్పిపోకుండా చేయిపట్టుకొని నడిపించే పెద్దమ్మవంటిది.

ఈ ఆల్ఫా క్రిస్టలిన్ విషయంలో మన హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, అనగా సి.సి.ఎం.బి., గణనీయమైన కృషి చేసింది. తరువాతి కాలంలో ఆ సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన చింతలగిరి మోహన్‌రావు గారు, వారి సహచరులు 1990 దశకంలో ఒక సంగతి చూపారు. వేడి పెరిగినప్పుడు ఆల్ఫా క్రిస్టలిన్ తన కూర్పును కొంత వదులుచేసుకొని, ఇతర ప్రొటీన్లను పట్టుకోవడానికి అనువైన భాగాన్ని బయటపెడుతుంది. ఆపద ఎక్కువైనకొద్దీ కాపలా పెరుగుతుంది. అయితే ఈ కాపలాదారు సంఖ్య పరిమితం. కటకపు నడిభాగంలో క్రొత్తవి పుట్టవని పైన చెప్పాను గదా. నడివయసు దాటేసరికి అక్కడ కరిగి ఉండే ఆల్ఫా క్రిస్టలిన్ దాదాపు ఖర్చయిపోతుంది. నలుబది ఏండ్లకు చత్వారం రావడానికీ దీనికీ సంబంధమున్నదని కొందరు పరిశోధకుల అభిప్రాయం.

కరిగించే మందు సంగతి ఇక్కడే తేలుతుంది. మసకబారడంలో రెండు రకాలున్నాయి. మన వంటింట్లోనే రెండూ చూడవచ్చు. చలికాలం నెయ్యి పేరుకొని తెల్లబడుతుంది, పొయ్యి దగ్గర పెడితే మళ్ళీ తేటబడుతుంది. నిమ్మరసం పిండితే పాలు విరుగుతాయి, ఆ విరుగుడును ఎంత కాచినా మళ్ళీ పాలు కావు. లేత జంతువుల కటకాన్ని మంచులో ఉంచితే తెల్లబడి, వెచ్చజేస్తే తిరిగి స్వచ్ఛమవుతుంది. ఇది నెయ్యివంటి మసక. అణువుల మడత చెడలేదు, చలికి దగ్గరకు చేరి మళ్ళీ విడిపోయాయి, అంతే. వయసుతో వచ్చే శుక్లం విరిగిన పాలవంటిది. అక్కడ మడతే విచ్చిపోయింది. అణువుకూ అణువుకూ మధ్య గంధకపు బంధాలు పడ్డాయి. ముక్కలైన అణువులు, చక్కెర అంటిన అణువులు, రంగుమారిన అణువులు కలగాపులగంగా అల్లుకున్నాయి. తేనెగానీ, ఉల్లిరసంగానీ, ఏ పసరుగానీ కంటిలో వేసినంత మాత్రాన వీటన్నిటినీ విడదీసి ఒక్కొక్కదానిని మళ్ళీ ముగ్గుగీతలా మడతపెట్టలేదు.

ఒకే ఒక్క పూస మారినా ఏమవుతుందో తెలిపే ఉదాహరణ చెబుతాను. చెక్ దేశంలో ఐదేండ్ల బాలుని కటకంలో నిజమైన స్ఫటికాలే, కలకండ పలుకులవలె, ఏర్పడి ఉండగా వైద్యులు చూశారు. 2000 సంవత్సరంలో ప్రకటించిన ఆ పరిశోధన ప్రకారం, బాలుని గామా-డి క్రిస్టలిన్‌లో 173 అమినో ఆమ్లాలుండగా 36వది మాత్రమే మారింది. విచిత్రమేమంటే ఆ అణువు మడత చెడలేదు. పైభాగంలోని ఆ చిన్న మార్పు వలన అణువులు చక్కగా వరుసకట్టి స్ఫటికమైపోయాయి. కటకంలో స్ఫటికాలు చూసి "దోషం ఘనీభవించింది" అని నేనూ అనగలను, అది తప్పూ కాదు. కాని ఏది, ఎక్కడ, ఎందుకు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం అణువు ఆకారం చూసినవారికే దొరికింది. మేనరికపు సంబంధాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో పుట్టుశుక్లాల వెనుక ఇటువంటి వంశపారంపర్యపు మార్పులు ఉండే అవకాశాన్ని కుటుంబాలు మనసులో ఉంచుకోవాలి.

మందుతో కరిగించే ప్రయత్నం ఆధునికులూ చేశారు. 2015లో ఒక పేరుపొందిన విజ్ఞాన పత్రికలో లానోస్టెరాల్ అనే పదార్థం ముద్దకట్టిన క్రిస్టలిన్లను విడదీసిందని, కుక్కల కంటిశుక్లాన్ని తగ్గించిందని ప్రచురితమైంది. పత్రికలన్నీ పతాకశీర్షికలు పెట్టాయి. అదే సంవత్సరం మన దేశపు వైద్యులు శస్త్రచికిత్సలో తీసిన మనుష్యుల కటకాలను ఆ పదార్థంలో నానబెట్టి చూశారు. అవి తేటబడలేదు. 2019లో మరొక పరిశోధన కూడా అదే మాట చెప్పింది. రేపు మరొకరు మరింత మంచి మందు కనుగొనవచ్చు, కనుగొంటే నేను సంతోషిస్తాను. ఆ కనుగొనేవారు మాత్రం క్రిస్టలిన్ ఆకారాన్ని ముందు పెట్టుకొని పనిచేసేవారే అయి ఉంటారు.

ఇక మన గ్రంథం సంగతి. సుశ్రుతం ఉత్తరతంత్రంలో నేత్రరోగాలు 76 చెప్పబడ్డాయి. దృష్టి మందగించే తొలిదశలకు తిమిరం, కాచం అని పేర్లు. చూపు పూర్తిగా మూసుకుపోయిన దశ లింగనాశం. తిమిరానికి ఘృతాలు, త్రిఫల, అంజనాలు, పథ్యం చెప్పిన ఆచార్యులు కఫజమైన లింగనాశానికి వచ్చేసరికి అంజనం చెప్పి ఊరుకోలేదు, శలాక చేతికి తీసుకోమన్నారు. యవగింజ మొనవంటి మొన గల శలాకతో, వేడి చలి ఎక్కువగా లేని కాలంలో ఆ చికిత్స చేయాలని, చేసిన తరువాత రోగిని వెల్లకిల పరుండబెట్టి, తుమ్ము, దగ్గు, త్రేన్పులను అదుపులో ఉంచాలని వివరంగా చెప్పారు. అంజనంతో కరిగేదే అయితే ఇంత సాహసానికి పూనుకోవలసిన అవసరమేమిటి? రెండువేల ఏండ్లనాడు సూక్ష్మదర్శిని కూడా లేకుండా, ఏది మందుకు లొంగుతుందో ఏది లొంగదో రోగులను చూసి చూసి గీత గీసిన మహనీయులు వారు. ఆ గీతను చెరిపివేసి, అన్నిటికీ చుక్కలమందు అమ్మేవారు తాము సుశ్రుతుని వారసులమని చెప్పుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఈ పొరపాటు ప్రచారంలోకి రావడానికి పేరులోని చిక్కు కూడా ఒక కారణమని నా అభిప్రాయం. శాస్త్రంలో శుక్రమనీ, శుక్లమనీ చెప్పబడిన వ్యాధి నల్లగుడ్డు పైపొరమీద వచ్చే తెల్లమచ్చ, వాడుకలో పువ్వు వేయడం అంటాము. దానికి లేఖనాంజనాలు, అనగా గీకి పలుచబరిచే కాటుకలు చెప్పబడ్డాయి. తెలుగువారు కటకం మసకబారడాన్నే శుక్లం అనడంతో, ఒకదానికి చెప్పిన అంజనం రెండవదానికి అంటగట్టబడింది. పైపొర వేరు, లోపలి కటకం వేరు. గ్రంథం చదవకుండా పేరు మాత్రం పట్టుకుంటే ఇట్లాగే ఉంటుంది.

శుక్లాన్ని నయంచేస్తామనే ప్రకటనలు చట్టరీత్యా కూడా నిషిద్ధం. 1954నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టంలో పేర్కొన్న వ్యాధుల పట్టికలో ఇది ఉన్నది. అయినా గోడలమీద ప్రకటనలు కనిపిస్తూనే ఉన్నాయి.

అయితే ఆయుర్వేదానికి ఇందులో పాత్ర లేదా అని పాఠకులు నిరుత్సాహపడనక్కరలేదు. పాలు విరిగిన తరువాత చేసేది లేదు గాని, విరగకుండా చూసుకోవడానికి చేయదగినది చాలా ఉన్నది. ఈ విషయంలో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో జి. భానుప్రకాశ్‌రెడ్డి గారి బృందం చేసిన పరిశోధనలు మన ఇళ్ళలోని రెండు వస్తువులకు సంబంధించినవి: పసుపు, ఉసిరిక.

రక్తంలో చక్కెర ఎక్కువైనప్పుడు కటకంలోకి చేరిన చక్కెరను ఆల్డోస్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ సార్బిటాల్‌గా మారుస్తుంది. అది కణంలో నిలిచిపోయి నీటిని లాగుతుంది, కణం ఉబ్బుతుంది. మరొకవైపు చక్కెర నేరుగా క్రిస్టలిన్లకు అంటుకొని వాటి మడతను సడలిస్తుంది. మధుమేహం ఉన్నవారికి శుక్లాలు తొందరగా రావడానికి ఇవి ముఖ్యకారణాలు. 2003లో ఆ సంస్థవారు, గాలక్టోస్ అనే చక్కెర ఎక్కువగా పెట్టి శుక్లం తెప్పించిన ఎలుకలకు పసుపులోని కుర్కుమిన్‌ను రెండు మోతాదులలో ఇచ్చి చూశారు. వంద గ్రాముల ఆహారంలో 2 మిల్లీగ్రాములు కలిపినప్పుడు శుక్లం ఆలస్యంగా వచ్చింది, ఆలస్యంగా ముదిరింది. 10 మిల్లీగ్రాములు కలిపినప్పుడు ఆరంభం కొంచెం ఆలస్యమైనా, ఆ తరువాత ముదరడం వేగవంతమైంది! మంచిదే గదా అని చెంచాలకొద్దీ మింగేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మాత్ర తప్పిన ఔషధం విషమని మన ఆచార్యులు చెప్పినదానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం నేను చూడలేదు. కూరలో, పప్పులో వేసుకునే పసుపు చాలు.

ఉసిరిక కథ ఇంకా రసవత్తరం. 2007లో అదే బృందం, మధుమేహం కలిగించిన ఎలుకలలో ఉసిరిక శుక్లాన్ని ఆలస్యం చేస్తున్నదని ప్రకటించింది. ఉసిరికలోని ఏ పదార్థం ఈ పనిచేస్తున్నదన్న ప్రశ్న మిగిలింది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారితో కలిసి వెదకగా, 2012లో బీటా-గ్లూకోగాలిన్ అనే పదార్థం బయటపడింది. ఆల్డోస్ రిడక్టేజ్ అణువులో చక్కెర కూర్చునే గుంట ఒకటి ఉన్నది. దాని ఆకారం ముందే తెలుసు గనుక ఈ పదార్థం అందులో ఎట్లా ఇముడుతుందో నమూనా కట్టి చూపగలిగారు. తాళంచెవి రంధ్రంలో మరొక తాళంచెవి ఇరికితే అసలుది దూరదు గదా, అట్లా. ఉసిరికను రసాయనద్రవ్యమని, చక్షుష్యమని, ప్రమేహానికి హితమని చిన్ననాడు కంఠస్థం చేసిన నాకు ఆ తాళం, తాళంచెవి బొమ్మ కలిగించిన ఆనందం మాటలలో చెప్పలేనిది. అయితే ఇవి ఎలుకలమీద, పరీక్షనాళికలలో చూసినవి. మనుష్యులలో శుక్లాన్ని ఆపుతుందని దీనిని బట్టి హామీ ఇవ్వరాదు. మధుమేహం ఉన్నవారు ఉసిరికపచ్చడి తింటున్నామన్న ధీమాతో చక్కెర పరీక్షలు మానుకోవడం అవివేకం.

పసిపిల్లల విషయంలో మరొక ముఖ్యాంశం. కొందరు శిశువులకు పుట్టుకతోనే ఒక ఎంజైమ్ లోపించి, పాలలోని గాలక్టోస్ జీర్ణమైనా శరీరానికి వినియోగపడదు. అది కటకంలో చేరి మసక కలిగిస్తుంది. తొందరగా గుర్తించి పాలు, పాలతో చేసిన పదార్థాలు మాన్పించి వేరే ఆహారం ఇస్తే, ఆ మసక తొలగిపోవడం కూడా కద్దు. ఇది నెయ్యివంటి మసక. ఆలస్యమైతే విరిగిన పాలే. బిడ్డ కంటిపాప తెల్లగా మెరుస్తున్నట్లు ఏ తల్లికైనా అనుమానం కలిగితే, దిష్టి తీసి కూర్చోకుండా ఆనాడే కంటివైద్యునికి చూపించాలి. అది ఈ లోపం కావచ్చు, మరొక ప్రమాదకరమైన వ్యాధి కావచ్చు.

"ఇవన్నీ మన ఋషులకు ముందే తెలుసు" అనే మిత్రులున్నారు. వారితో నేను ఏకీభవించను. ఋషులకు తెలిసినది చాలా గొప్పది. క్రిస్టలిన్ మడతలు మాత్రం వారికి తెలియవు, తెలియకపోవడం వారికి లోపమూ కాదు. మరొకవైపు, అణువు తెలిస్తే రోగి తెలిసినట్లేనని భావించే ఆధునికులున్నారు. రోగి రాత్రి ఏమి తింటాడో, ఏ ఎండలో పనిచేస్తాడో, ఎవరి మీద ఆధారపడి బ్రదుకుతున్నాడో ఎక్స్-కిరణాల స్ఫటికచిత్రంలో కనిపించదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్ళకముందు మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించారు. జీవకణానికి శక్తినిచ్చే భాస్వరపు అణువులను శోధించిన ఆ మహనీయుడు మన కళాశాల గదిలో నిలబడి పాఠం చెప్పినవాడని ఎందరు వైద్యవిద్యార్థులకు తెలుసు?

మా యూసుఫ్‌గూడ, కృష్ణానగరు ప్రాంతం గురించి కొంచెం చెప్పాలి. సినిమా పరిశ్రమను నమ్ముకొని బ్రతికే చిన్న నటీనటులు, లైట్లు మోసేవారు, కుట్టుపనివారు ఇక్కడ వేలకొద్దీ ఉన్నారు. కొన్నేండ్ల క్రిందట, ముప్పయ్యేండ్లు గుంపు దృశ్యాలలో అమ్మలక్కల వేషాలు వేసిన ఒక పెద్దావిడ నా వద్దకు వచ్చింది. కుడికన్ను దాదాపు కనిపించడం లేదు. ఎవరో ఇచ్చిన తేనెచుక్కలు ఏడాదిగా వేసుకుంటున్నది. "కన్ను కోస్తే మళ్ళీ వేషాలకు పిలవరేమో అయ్యగారూ" అన్నది. "కనిపించకపోతే అసలు పిలవరు గదమ్మా" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అదీ నిజమే, మొన్న సెట్లో మెట్టు కనిపించక తూలిపడబోయాను" అన్నది. ఆవిడను నేను పంపిన చోటు ఇక్కడికి దగ్గరలోనే, బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ.

ఆ సంస్థ పేరు వెనుక సినిమాయే ఉన్నది. 1931నాటి తొలి భారతీయ టాకీ "ఆలం ఆరా"లో చిన్నవేషం వేసి, తరువాత "షావుకారు", "మిస్సమ్మ" వంటి చిత్రాలు తీసిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు గారే ఆ ఎల్.వి. ప్రసాద్. ఆయన కుటుంబం ఇచ్చిన ఐదెకరాల స్థలంతో, కోటి రూపాయల విరాళంతో, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారి సారథ్యంలో 1987లో అది వెలసింది. చీకటిగదిలో వెలుగుబొమ్మలు చూపి సంపాదించిన డబ్బు చూపు ఇవ్వడానికే వెళ్ళిందని నేను మా వీధివారితో సరదాగా అంటుంటాను. సి.సి.ఎం.బి.కి డైరెక్టరుగా పనిచేసి వచ్చిన డి. బాలసుబ్రమణ్యన్ గారు అక్కడ క్రిస్టలిన్లమీద, పుట్టుశుక్లాలమీద పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1996 మొదలు 2000 వరకు ఆ సంస్థవారే ఆంధ్రప్రదేశ్‌లో జరిపిన నేత్రవ్యాధుల సర్వేలో నూటికి 1.84 మంది అంధులని, ఆ అంధత్వంలో నూటికి 44 పాళ్ళు శుక్లం వలననేనని తేలింది. అంటే, నివారించదగిన చీకటి అంత ఉన్నదన్నమాట.

గృహవైద్యం పేరిట జరిగే రెండు హానులను ప్రస్తావించక తప్పదు. తేనె, ఉల్లిరసం, ఆకుపసరు, చనుబాలు కంటిలో పోయడం వలన నల్లగుడ్డుమీద సూక్ష్మజీవులు చేరి పుండుపడుతుంది. మచ్చ మిగులుతుంది. అప్పుడు కటకం మార్చినా చూపు రాదు. ఉదరానికి హితమైనదంతా కంటికి హితం కాదు. అంజనకల్పనలకు ఎంత శుద్ధి అవసరమో మా గురువుగారి వద్ద చూసినవాడను గనుక, వంటింటి సీసాలోని తేనెను కంటిలో వేయమని నేను ఎన్నడూ చెప్పను. రెండవది, ఆయాసానికీ కీళ్ళనొప్పులకూ రాత్రికి రాత్రే గుణమిచ్చే పేరులేని పొడులు. కొన్నింటిలో స్టెరాయిడ్లు కలుపుతున్నారన్నది వైద్యలోకానికి తెలిసిన సంగతే. దీర్ఘకాలం వాడిన స్టెరాయిడ్ కటకం వెనుకపొరలో శుక్లాన్ని తెస్తుంది, అదీ చిన్నవయసులోనే. చీటీ లేని, తయారీదారు పేరు లేని పొడి ఏదైనా సరే ఇంటికి తేకండి.

ఇక చివరగా ఎక్కువమంది అడిగేది: "శుక్లం బాగా ముదిరిన తరువాతనే తీయించుకోవాలట గదా?" ఇది పాతకాలపు మాట. కటకాన్ని తొడుగుతో సహా మొత్తంగా పైకి తీసే రోజులలో ముదిరితే తీయడం సులభమని ఆగమనేవారు. ఇప్పుడు తొడుగును ఉంచి, లోపలి మసకపదార్థాన్ని శబ్దతరంగాలతో చెదరగొట్టి పీల్చివేసి, అందులో కృత్రిమకటకం అమరుస్తున్నారు. ముదిరి రాయివలె గట్టిపడితే ఈ పని కష్టమవుతుంది. దైనందిన పనులకు, చదువుకు, రోడ్డు దాటడానికి ఇబ్బంది కలిగిననాడే వైద్యుని సంప్రదించడం మంచిది.

మరీ ఆలస్యమైతే జరిగేది కూడా అణువుల కథే. అతిగా ముదిరిన కటకంలో ముద్దకట్టిన ప్రొటీన్లు కరగి, తొడుగులోనుంచి బయటికి కారుతాయి. ఆ పెద్ద అణువులు, వాటిని మ్రింగడానికి వచ్చిన రక్షకకణాలు కలిసి కంటిలోని నీరు బయటకు పోయే సన్నని జల్లెడను మూసివేస్తాయి. లోపలి ఒత్తిడి పెరుగుతుంది. కన్ను ఎర్రబడి, తలపోటు, వాంతులు మొదలవుతాయి. ఇది శిరోవాతం కాదు, అజీర్ణం కాదు. శొంఠిపట్టు వేసుకొని తెల్లవారేదాకా చూద్దామనుకోరాదు. ఒత్తిడికి దృష్టినాడి దెబ్బతింటే ఆ తరువాత ఎంత మంచి కటకం అమర్చినా ఫలితం ఉండదు. అటువంటి లక్షణాలు కనిపిస్తే అర్ధరాత్రియైనా సరే కంటి ఆసుపత్రికే వెళ్ళాలి, నా వద్దకు రావద్దు.